మల్టీస్ట్రాండ్ వైరు చివరలు బిగించడం ఎలా: ఒక్క పోగు కూడా వదలకుండా

ఒక చలికాలం ఉదయం మా ఇంట్లో గీజర్ వేసిన కాసేపటికి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపే స్విచ్చు) పడలేదు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) పడలేదు, నీళ్లు మామూలుగానే కాగుతున్నాయి. మెయిన్ ఆపి సాకెట్ విప్పితే ఫేజ్ వైరు తొడుగు అంగుళం మేర గోధుమరంగుకు తిరిగి పెళుసుబారి ఉంది. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, అందులో 36 సన్న రాగి పోగులు ఉంటాయి. స్క్రూ కింద ఉన్నవి లెక్కపెట్టాను. 13 ఉన్నాయి. మిగతావి రంధ్రంలో పట్టలేదని ఎవరో కటింగ్ ప్లయర్‌తో కత్తిరించేశారు. స్క్రూ కింద మిగిలింది పలచటి కట్ట. దానికి పట్టు దొరకక మెల్లగా వదులయింది.

అలా జరగకుండా వైరు చివరను ఎలా సిద్ధం చేయాలో, స్విచ్చులో, సాకెట్‌లో, ఎంసీబీలో, న్యూట్రల్ లింకులో (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే ఇత్తడి పట్టీ) ఎలా బిగించాలో, మన నియమాలు ఏం అడుగుతాయో వరసగా చెప్తాను. ముందే ఒక మాట గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లలో మామూలుగా ఉండే ఏ రక్షణ పరికరమూ వదులు బిగింపును పట్టుకోలేదు. బిగించేటప్పుడు చెయ్యి జాగ్రత్తగా ఉంటేనే రక్షణ.

ఎంసీబీ ఎందుకు పడదు?

3 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది. బిగింపు దగ్గర వదులు వల్ల 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. 13ని 13తో, మళ్లీ 0.1తో గుణిస్తే దాదాపు 17 వాట్లు. రేడియోలు బాగుచేసే షాపులో కనిపించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే గాలాడని గోడ పెట్టెలో, ప్లాస్టిక్ మధ్యలో, సోల్డరింగ్ ఐరన్ లాంటిదాన్ని పెట్టి స్విచ్ వేసినట్టే. మన ఇళ్లలో మామూలుగా వాడే పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసినది. ఆ వేడికి అది మాడుతుంది, స్క్రూ ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది.

ఎంసీబీ చూసేది కరెంటు ఎంత పోతోందనే. ఇక్కడ పోతున్నది అదే 13 ఆంపియర్లు, 20 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకి రాదు. ఆర్‌సీసీబీ చూసేది ఫేజ్‌లో వెళ్లినంత న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని. ఇక్కడ అంతా తిరిగి వస్తూనే ఉంది. రెండూ తమ పని సరిగానే చేస్తున్నాయి. మధ్యలో బోర్డు కాలిపోతుంది.

నియమాలు ఏమంటాయి?

ఇళ్ల వైరింగ్‌కు మన దేశంలో ప్రామాణికం ఐఎస్ 732. దాన్ని 2019లో సవరించారు. దాంతో పాటు బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఉంది, 2023లో కొత్తగా వచ్చింది. చట్టబద్ధంగా అమలయ్యేవి సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు. వైరు చివరల విషయంలో వీటి సారం కష్టమైనదేమీ కాదు. జాయింటు కరెంటును ఎప్పటికీ అంతరాయం లేకుండా పోనివ్వాలి. లాగితే ఊడనంత గట్టిగా ఉండాలి. వైరు ఏ లోహంతో చేసిందో, లావెంతో, లోపల ఎన్ని పోగులో, ఒక టెర్మినల్‌లో (వైరును బిగించే చోటు) ఎన్ని వైర్లు పెడుతున్నామో చూసుకుని దానికి తగిన టెర్మినల్ ఎంచుకోవాలి. సన్న పోగుల వైరైతే పోగులు విడిపోకుండా ఏదో ఒక ఏర్పాటు ఉండాలి. తర్వాత విప్పి చూసుకోవడానికి వీలుండాలి. గోడలో పూడ్చిన పైపు మధ్యలో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఈ పరీక్షలో ఎక్కడా నెగ్గదు.

ఇక పని ఎవరు చేయాలి? బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నదానికి బదులు అదే సామర్థ్యం ఉన్నది మార్చుకోవడం వరకు మినహాయింపు ఉంది. కొత్త లైను లాగడం, ఉన్నదాన్ని పెంచడం, మార్చడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేయించాలి, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేయాలి. మీ ఇంట్లో పని వేరేవాళ్లు చేస్తున్నా ఇది చదవండి. ఏం చూడాలో తెలిసిన ఇంటివాళ్లు పక్కన నిలబడితే పోగులు కత్తిరించే చెయ్యి కాస్త ఆగుతుంది.

ముందు కరెంటు ఆపడం

గది ఎంసీబీ ఒక్కటే ఆపి పని మొదలుపెట్టకండి. మెయిన్ ఆపండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపి, దాని అవుట్‌పుట్ వైరు విడదీయండి. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ ఠక్కున పనిలోకి దిగుతుంది, మీరు విప్పుతున్న బోర్డులోనే ఫ్యాను లైనుకు 230 వోల్టులు పంపిస్తుంది. మెయిన్ దగ్గర ఇంట్లోవాళ్లు ఎవరైనా మళ్లీ వేయకుండా ఒక చీటీ అంటించండి, కుదిరితే మనిషిని నిలబెట్టండి.

తర్వాత మల్టీమీటర్‌తో మూడుసార్లు కొలవండి: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ, ఫేజ్‌కీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ. మీటరు పని చేస్తోందో లేదో ముందు కరెంటు ఉన్న చోట పెట్టి చూసుకోండి, కొలిచాక మళ్లీ ఒకసారి అక్కడే చూసుకోండి. లైన్ టెస్టర్ వెలగలేదు కదా అని చెయ్యి పెట్టొద్దు. లోపలి చిన్న దీపం పాడైనా అది వెలగదు.

వైరునీ టెర్మినల్‌నీ చూసుకోవడం

ఇప్పుడు ఇళ్లలో వాడే వైర్లు ఎక్కువగా ఐఎస్ 694 ముద్ర ఉన్న మల్టీస్ట్రాండ్ రాగి వైర్లు. లోపలి పోగు మందం 0.3 మిల్లీమీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు వైరులో 14 పోగులు, 1.5లో 22, 2.5లో 36, 4లో 56, 6లో 84 ఉంటాయి. కొత్త చుట్ట కొన్నప్పుడు చివర విప్పి ఒకసారి లెక్కపెట్టండి. నేను ఇప్పటికీ లెక్కపెడతాను. పాత ఇళ్లలో 3/20, 7/20 అని పిలిచే వైర్లు కనిపిస్తాయి. వాటిలో మూడో ఏడో లావుపాటి పోగులే ఉంటాయి, బిరుసుగా ఉంటాయి, స్క్రూ కింద చెదరవు. ఐఎస్ 8130 ఈ తేడాను తరగతులుగా విడదీసింది: ఒంటి తీగ తరగతి 1, లావు పోగులది తరగతి 2, మనం ఇప్పుడు వాడే మెత్తని సన్న పోగులది తరగతి 5. పాత వైరుతో చెయ్యి అలవాటైన మేస్త్రి అదే పద్ధతిలో తరగతి 5 వైరును బిగిస్తే తేడా అక్కడే వస్తుంది. సన్న పోగులు స్క్రూ మొన కింద నుంచి రెండు పక్కలకూ పారిపోతాయి.

టెర్మినల్ ఏ రకమో చూడండి. ఇళ్లలో కనిపించేవి ముఖ్యంగా నాలుగు. ఇత్తడి దిమ్మెలో రంధ్రం, పైనుంచి స్క్రూ మొన నేరుగా వైరు మీద దిగేది ఒకటి, సాకెట్లు, న్యూట్రల్ లింకులు చాలావరకు ఇవే. పంజరం లాంటి బిగింపు పలక పైకి లేచి వైరును నొక్కేది రెండోది, ఎంసీబీల్లో ఉంటుంది. స్క్రూ తల కింద వైరు చుట్టేది మూడోది. స్ప్రింగుతో పట్టేది నాలుగోది. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

తొడుగు తీయడం

ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత బాగా బిగించినా లాభం లేదు. చాలామంది పళ్లతోనో కటింగ్ ప్లయర్‌తోనో తొడుగు లాగేస్తారు. ప్లయర్ అంచు పోగుల మీద గాటు పెడుతుంది. గాటు పడ్డ పోగు రెండుసార్లు వంగితే తెగిపోతుంది. 22 పోగుల వైరులో నాలుగు తెగితే, బిగింపు దగ్గర వైరు అయిదో వంతు దాకా పోయినట్టే. సైజు రంధ్రాలున్న వైర్ స్ట్రిప్పర్ కొనుక్కోండి. 2.5 వైరును 2.5 అని రాసి ఉన్న గాటులోనే పెట్టండి. తీసిన తొడుగు ముక్కలోకి తొంగి చూడండి. అందులో తెగిన పోగులు కనిపిస్తే ఆ చివర మొత్తం కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి.

ఎంత పొడవు తీయాలన్నది పరికరం మీదే రాసి ఉంటుంది, ఎంసీబీ పక్కభాగంలోనో స్విచ్చు వెనకో చిన్న గీతగా ఉంటుంది. లేకపోతే రంధ్రం లోతు కొలవండి. బిగించాక తొడుగు అంచు రంధ్రం నోటి దగ్గర ఆగాలి. రాగి బయట కనిపించకూడదు, తొడుగు స్క్రూ కిందికి పోకూడదు. ఈ రెండో తప్పు మోసం చేస్తుంది. స్క్రూ పీవీసీ మీద గట్టిగా కూర్చుంటుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది, కరెంటు మాత్రం అంచున తగిలే నాలుగు పోగుల్లోంచి పోతుంది.

పురి పెట్టడం

తొడుగు తీయగానే పోగులకు సహజంగా ఉన్న పురి దిక్కులోనే మరో రెండు మూడు చుట్లు తిప్పండి. వత్తి చేసినట్టు వేళ్లతో మెత్తగా చేస్తే చాలు. ఎదురు దిక్కులో తిప్పితే ఉన్న పురి కూడా విడిపోతుంది. ప్లయర్‌తో మరీ బిగువుగా తిప్పితే పోగులు నలుగుతాయి. చేతి చెమట, సిమెంటు దుమ్ము లేకుండా గుడ్డతో తుడుచుకుని చేయండి.

కొందరు పురి పెట్టడం కూడా తప్పంటారు. కాదు. ఎంసీబీల ప్రామాణికం ఐఎస్/ఐఈసీ 60898 ఈ విషయం తేల్చి చెప్పింది. వైరుకు ప్రత్యేకమైన తయారీ అవసరం లేకుండానే టెర్మినల్ దాన్ని పట్టుకోగలగాలి అంటుంది. సోల్డర్ చేయడం, లగ్గు (వైరు చివరకు నొక్కి బిగించే లోహపు ముక్క) తొడగడం, కొక్కెం చేయడం ప్రత్యేక తయారీ కిందికి వస్తాయి. మెత్తని వైరు చివరను పురి పెట్టడం అందులోకి రాదు. అంటే మంచి ఎంసీబీలో పురి పెట్టిన వైరును ఫెర్రూల్ (పోగుల చివర తొడిగి నొక్కే చిన్న లోహపు గొట్టం) లేకుండా నేరుగా పెట్టొచ్చు. ఫెర్రూల్ తొడగకపోతే నియమం తప్పినట్టే అనే మాట అన్ని చోట్లా నిజం కాదు.

ఫెర్రూల్, లగ్గు ఎక్కడ వాడాలి?

నా వరకు లెక్క ఇది. స్క్రూ మొన నేరుగా పోగుల మీద తిరిగే చోట ఫెర్రూల్ తొడుగుతాను. అంటే ఇత్తడి రంధ్రం రకం సాకెట్లు, న్యూట్రల్ లింకు, ఎర్త్ బార్. మొన తిరిగేటప్పుడు సన్న పోగులను కోసేస్తుంది, ఫెర్రూల్ గొట్టం వాటిని కాపాడుతుంది. పంజరం రకం ఎంసీబీలో అది నా ఇష్టం. స్క్రూ తల కింద వైరు చుట్టాల్సిన చోట రింగ్ లగ్గు తప్పనిసరి. మెత్తని పోగులను అలా చుట్టి బిగిస్తే సగం పోగులు వాషర్ అవతలికి జారతాయి. మోటారు టెర్మినళ్లు, ఎర్త్ బోల్టు, ఇన్వర్టర్ బ్యాటరీ అన్నిటికీ రింగ్ లగ్గే. షాపులో థింబుల్ అని అడిగినా లగ్గే ఇస్తారు.

సైజు ఎంచుకునేటప్పుడు రంగు చూసి కొనకండి, అంకె చూసి కొనండి. జర్మన్ డిన్ పద్ధతిలో ఫెర్రూల్ రంగులు ఇలా ఉంటాయి: 1కి ఎరుపు, 1.5కి నలుపు, 2.5కి నీలం, 4కి బూడిదరంగు, 6కి పసుపు. ప్లాస్టిక్ తొడుగున్న రింగ్ లగ్గుల రంగుల పద్ధతి వేరు. అక్కడ ఎరుపు 1.5 దాకా, నీలం 2.5 దాకా, పసుపు 4 నుంచి 6 దాకా. ఎర్ర ఫెర్రూల్‌లో 1.5 వైరు పట్టక నాలుగు పోగులు కత్తిరించి దూర్చినవాళ్లను చూశాను.

తొడిగేటప్పుడు పోగులన్నీ గొట్టంలోకి వెళ్లాలి, ఒక్కటి కూడా ప్లాస్టిక్ మెడ దగ్గర వెనక్కి మడవకూడదు. చివర అర మిల్లీమీటరు రాగి బయటికి కనిపిస్తే వైరు పూర్తిగా వెళ్లినట్టు తెలుస్తుంది. తర్వాత దాన్ని క్రింపింగ్ టూల్‌తో నొక్కి బిగించాలి. పూర్తిగా నొక్కితే తప్ప తెరుచుకోని రాట్చెట్ రకం కొనండి. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన ఫెర్రూల్ రేకు ముక్కలా చప్పిడి అవుతుంది, లోపల పోగులు ఒకదానికొకటి అతుక్కోవు, లాగితే తొడుగు చేతికొస్తుంది. అలాంటిదాని కంటే ఫెర్రూల్ లేకుండా పురి పెట్టిన వైరే నయం. క్రింప్ చేశాక గట్టిగా లాగి చూడండి. కదిలితే కత్తిరించి కొత్తది వేయండి, ఒకసారి నొక్కిన ఫెర్రూల్‌ను మళ్లీ వాడొద్దు.

చివరకు సోల్డర్ పూస్తే గట్టిగా ఉంటుందని పెద్దవాళ్లలో ఒక నమ్మకం ఉంది. స్క్రూ కింద పెట్టే చివరకు సోల్డర్ పూయకండి. సోల్డర్ మెత్తని లోహం. ఒత్తిడి కింద, వేడికి, నెలల తరబడి మెల్లగా జరుగుతూ పలచబడుతుంది. బిగించిన రోజు రాయిలా ఉన్నది ఏడాదికి వదులవుతుంది. సోల్డర్ ఆగిన చోట వైరు వంగి వంగి తెగుతుంది కూడా. ఇంటి ఉపకరణాల భద్రతా ప్రామాణికం ఐఎస్ 302 కూడా ఒత్తిడితో పట్టే చోట పోగుల చివరలను సోల్డర్‌తో గట్టిపరచొద్దంటుంది. సోల్డర్ మెత్తబడినా పట్టు వదలని ప్రత్యేక బిగింపు ఉంటే తప్ప.

టెర్మినల్‌లో పెట్టి బిగించడం

రంధ్రం రకానికి: రంధ్రం పెద్దదై వైరు సన్నదైతే, తొడుగు రెట్టింపు పొడవు తీసి, పురి పెట్టి, మధ్యకు మడవండి. రెండు పొరలైతే స్క్రూకు పట్టు దొరుకుతుంది. వైరు రంధ్రం చివరి దాకా వెళ్లాలి. రెండు స్క్రూలున్న న్యూట్రల్ లింకులో రెండూ రాగి మీదే దిగాలి.

ఎంసీబీకి: స్క్రూను పూర్తిగా వదులు చేయండి, పంజరం కిందికి దిగి నోరు తెరుచుకుంటుంది. సగమే తెరిచి వైరు దూరిస్తే అది పంజరం లోపలికి కాకుండా దాని వెనక్కి పోతుంది. స్క్రూ తిప్పితే పంజరం తనంతట తాను పైకి వెళ్లి గట్టిగా ఆగుతుంది. చెయ్యి బిగిసిందనుకుంటుంది. వైరు ఉత్తిగా ఆనుకుని ఉంటుంది. కాలిన డిస్ట్రిబ్యూషన్ బోర్డుల్లో నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే. అందుకని టార్చి వేసి లోపలికి చూడండి, బిగించాక లాగండి.

స్ప్రింగు రకానికి: లివర్ ఎత్తి పెట్టే కనెక్టర్లు మెత్తని పోగులను నేరుగా పట్టుకుంటాయి. లివర్ లేకుండా గుచ్చి పెట్టేవాటికి ఒంటి తీగ గానీ ఫెర్రూల్ తొడిగిన చివర గానీ కావాలి. వట్టి పోగులు గుచ్చితే వంగి బయటే ఆగిపోతాయి.

రెండు వైర్లు ఒకే టెర్మినల్‌లో పెట్టే అలవాటు మన దగ్గర చాలా ఎక్కువ. స్విచ్చు నుంచి స్విచ్చుకు లూప్ వేస్తాం కాబట్టి తప్పదు. రెండూ ఒకే సైజు అయి, పోగులన్నీ పట్టేంత చోటుండి, తయారీదారు అనుమతిస్తే రెంటినీ కలిపి పెట్టొచ్చు. 4 వైరు పక్కన 1 వైరు పెడితే స్క్రూ లావుపాటిదాన్నే పట్టుకుంటుంది, సన్నది వదులుగా మిగిలిపోతుంది. మూడు వైర్లు పట్టక పోగులు కత్తిరించాల్సి వస్తోందంటే ఆగండి. ఆ వైర్లను బోర్డులోనే ఒక కనెక్టర్‌లో కలిపి, అక్కడి నుంచి ఒక్క చిన్న ముక్క వైరు స్విచ్చుకు తెచ్చుకోండి. ఐదు నిమిషాల పని, చిన్న కనెక్టర్ ఖర్చు. మా గీజర్ సాకెట్‌లో అది చేసి ఉంటే సరిపోయేది. ఎంసీబీల మధ్య ఫేజ్ పంచడానికి వైరు ముక్కల లూపుల బదులు దువ్వెన ఆకారంలో ఉండే బస్‌బార్ వాడండి.

ఎంత బిగించాలి? ఎంసీబీ మీదో దాని కాగితంలోనో అంకె ఉంటుంది, మామూలుగా 2 నుంచి 2.5 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో. 2 న్యూటన్ మీటర్లంటే 20 సెంటీమీటర్ల పానా చివర ఒక కిలో బరువు వేలాడదీసినంత. జేబులో పెట్టుకునే లైన్ టెస్టర్‌తో ఆ బలం రాదు, దాని సన్న పిడి చేతిలో జారుతుంది. లావు పిడి ఉన్న, స్క్రూ గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులు తరచూ చేసేవాళ్లు టార్క్ స్క్రూడ్రైవర్ కొనుక్కోవడం మంచిది. చెయ్యి ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా బిగిస్తుంది. మరీ ఎక్కువ బిగించినా నష్టమే, పోగులు తెగుతాయి, ఇత్తడి మరలు అరుగుతాయి.

వైర్లన్నీ పెట్టెలోకి సర్దిన తర్వాత ప్రతి స్క్రూనూ మరోసారి చూడండి. సర్దేటప్పుడు వైరు వంగితే మెత్తని పోగులు లోపల జరిగి చోటు చేసుకుంటాయి, అప్పుడు ఒక పావు చుట్టు దొరకొచ్చు. దొరికితే బిగించండి. అలాగని ఏడాదికోసారి ఇంట్లో స్క్రూలన్నీ ఇంకో చుట్టు తిప్పే అలవాటు చేసుకోవద్దు. అలా తిప్పుతూ పోతే మొన పోగులను కొద్దికొద్దిగా కోసేస్తుంది. ఏడాదికోసారి చూడాల్సింది రంగు మారిందా, వాసన ఉందా, వేడి ఉందా అని.

ప్లగ్గుల్లో ఇంకొక్క విషయం. మూడు పిన్నుల ప్లగ్గు బిగించేటప్పుడు ఎర్త్ వైరును మిగతా రెంటికంటే కాస్త పొడవు ఉంచండి. ఎవరైనా తీగ పట్టుకుని లాగి ఊడదీస్తే ఎర్త్ ఆఖరున ఊడాలి. బయటి తొడుగు మీద పట్టు పలక తప్పనిసరిగా బిగించండి, లాగుడు బలమంతా దాని మీద పడాలి, పోగుల మీద కాదు.

న్యూట్రల్, అల్యూమినియం

ఫేజ్‌ను జాగ్రత్తగా బిగించి న్యూట్రల్‌ను తేలిగ్గా వదిలేసేవాళ్లు ఉంటారు. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇది చాలా ప్రమాదం. మెయిన్ న్యూట్రల్ ఊడితే ఒక ఫేజ్ మీద ఉన్న పరికరాలు, ఇంకో ఫేజ్ మీద ఉన్నవి వరసగా కలిసిపోయి 400 వోల్టులను తమలో తాము పంచుకుంటాయి. తక్కువ లోడు ఉన్న వైపు 300 వోల్టులు దాటిపోవచ్చు. టీవీ, ఫ్రిజ్, రౌటర్ ఒకేసారి పోతాయి. లైట్లు కొన్ని మరీ వెలుగుగా, కొన్ని మరీ మసకగా కనిపిస్తే వెంటనే మెయిన్ ఆపండి. న్యూట్రల్ లింకులో ఒక రంధ్రానికి ఒకే వైరు పెట్టండి, మెయిన్ న్యూట్రల్‌ను అన్నిటికంటే ముందు బిగించి, ఆఖరున మళ్లీ చూడండి.

స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు చాలా చోట్ల అల్యూమినియంది. దాన్ని రాగి పోగులతో నేరుగా మెలితిప్పకూడదు. తేమ తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది, దాని మీద ఏర్పడే పొర కరెంటును సరిగా పోనివ్వదు. రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటాలిక్ లగ్గు గానీ కనెక్టర్ గానీ వాడాలి. మీటరు వైపు పని డిస్కం వాళ్లదే, సీలు తీసి మీరు చేయకండి. వాన పడ్డప్పుడల్లా మీటరు దగ్గర చిటపటలు వినిపిస్తే ఫిర్యాదు రాయించండి.

అమెరికాలో ఇల్లు కొనుక్కుని సొంతంగా పనులు చేసుకునే మనవాళ్లకు ఒక మాట. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 110.14 ప్రకారం, అక్కడి లావు పోగుల తరగతులైన క్లాస్ బి, సి కంటే సన్న పోగులున్న వైరును పెట్టాలంటే ఆ టెర్మినల్ ఆ రకానికి పనికొస్తుందని గుర్తించి ఉండాలి. అక్కడి సాకెట్ల వెనక గుచ్చి పెట్టే రంధ్రాలు 14 గేజ్ ఒంటి తీగకే. ఇండియా నుంచి పట్టుకెళ్లిన మెత్తని వైరును అందులో గుచ్చకండి.

కరెంటు ఇచ్చాక

కవరు వేసే ముందు ప్రతి వైరునూ ఒక్కొక్కటిగా వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగండి. బయటికి పొడుచుకొచ్చిన పోగు ఒక్కటి కూడా ఉండకూడదు. ఫేజ్ పక్కన ఎర్త్ ఉంటే ఆ ఒక్క పోగు చాలు. తర్వాత మెయిన్ వేసి, ఆ లైను మీద పడే అతి పెద్ద లోడు పెట్టండి. గీజర్ లైనైతే గీజర్, ఏసీ లైనైతే ఏసీ. అరగంట నడిచాక లోడు ఆపి, ప్లగ్గు తీసి, పిన్నుల దగ్గర, సాకెట్ పలక మీద చెయ్యి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు. వేలు ఆనించలేనంత వేడి ఉంటే ఆ సాకెట్ వాడొద్దు, మెయిన్ ఆపి విప్పండి. వైరు చివర రంగు మారి ఉంటే స్క్రూ మళ్లీ బిగించి సరిపెట్టకండి. కాలిన రాగి నల్లటి పొర పట్టి ఉంటుంది, దాని మీద ఎంత బిగించినా పట్టు రాదు. నిగనిగలాడే రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరించండి, పొడవు చాలకపోతే పెట్టెలోనే కనెక్టర్ పెట్టి కొత్త ముక్క కలపండి, సాకెట్ కూడా మార్చేయండి. దాని లోపలి ఇత్తడి పట్టులోని స్ప్రింగు బలం ఆ వేడికి ఎప్పుడో పోయి ఉంటుంది.